ఎండకు అర్జీ

బరువు కింద నీరు పిండిన బూడిద గుమ్మడి ముక్కలను సువర్చల పొద్దున్నే మినప్పిండిలో కలిపింది. దేశంలో ప్రతి మేడ మీది ఎండా ఇప్పుడు సర్కారు సోలార్ ప్యానెళ్లదే. వడియాలు పెట్టుకోవడానికి రెండు మూరల జాగా కావాలన్నా అనుమతి రావాలి. ఆమె అర్జీ తొమ్మిది రోజులుగా కదల్లేదు. మధ్యాహ్నానికల్లా పిండి పులిసిపోతుంది.

అంతలో వంటింటి గోడకు టీవీ బదులు వేలాడే తెరగుడ్డ మీద, దేశాధ్యక్ష పదవికి పార్టీ టికెట్టు కోసం జనం ఓట్లు అడుగుతున్న ముగ్గురు ప్రత్యక్షమయ్యారు. ఎవరో ఒకరికి ఓటు నొక్కేదాకా వాళ్లు కదలరు.

"అక్కా, నేనొస్తే ఇంటింటికీ నెలకు కిలో వడియాలు ఉచితం!" అన్నాడు మొదటాయన.

"ఎవరిక్కావాలయ్యా నీ వడియాలు? నా మేడ మీద నన్ను పెట్టుకోనిస్తావా, లేదా?"

"వడియాల మండలి వేస్తానమ్మా," అంది రెండో ఆవిడ.

మూడో ఆయన స్వేచ్ఛే తన ఊపిరంటాడు. సువర్చల ఏడాదిగా ఆయన మీదే ఆశ పెట్టుకుంది.

"అనుమతి ఒక్క రోజులో ఇప్పిస్తాను తల్లీ!" అన్నాడాయన చేతులు జోడించి.

"ఇప్పించడమెందుకు? అసలు అడగక్కర్లేకుండా చెయ్యండి!"

ఆయన నవ్వాడు. "మీరు అడక్కపోతే, ఇచ్చింది మేమని ఎలా తెలుస్తుందమ్మా?"

"ఎవడో ఒకడికి నొక్కెయ్యవే, గోల వదిలిపోతుంది," అన్నాడు భర్త పతంజలి.

సువర్చల తెరగుడ్డను కొక్కేల నుంచి ఊడదీసి, పిండిగిన్నెతో మేడెక్కింది. దాన్ని ప్యానెళ్ల మీద పరిచి, నీళ్లు చిలకరించి, ఇంకా మాట్లాడుతూనే ఉన్న ఆ మూడు నోళ్ల మీదా ముందుగా మూడు వడియాలు పెట్టింది.