ఐడిల్ స్క్రూ

రిటైరైన మర్నాడే మా ఆయన వంటింట్లోకొచ్చి, గరిటె ఎలా తిప్పాలో నాకు పాఠం చెప్పారు.

అప్పట్నుంచీ ఆయన స్నానానికి వెళ్లగానే పాతకారు బానెట్ ఎత్తి, కార్బురేటర్ మీద, ఆగి ఉన్న బండిలో ఇంజన్ చావకుండా నిలబెట్టే ఐడిల్ స్క్రూని కాస్త వదులు చేసి వస్తున్నాను. చోక్ లాగితే ఇంజన్ అందుకుంటుంది; చోక్ లోపలికి తోయగానే దగ్గి చస్తుంది. ఇక భోజనం దాకా ఆయన కాపురం బానెట్ కిందే.

ఇవాళ మర్చిపోయాను. చోక్ తోసినా ఇంజన్ నిలకడగా ఆడుతోంది. నా కొంప మునిగిందనుకుని కిటికీలోంచి చూశాను.

మహానుభావుడు అటూ ఇటూ చూసి, స్క్రూడ్రైవర్ తీసి, అదే స్క్రూని వదులు చేశారు. ఇంజన్ ఆగిపోయింది.

“ఏమే, ఐడిల్ మళ్లీ పోయిందే! భోజనం వేళ దాకా రాలేను!” అని హుషారుగా కేకేశారు.

“అయ్యయ్యో, తాపీగానే చూసుకోండి!” అన్నాను, గరిటె నాకిష్టమొచ్చినట్టు తిప్పుకుంటూ.