పన్నెండు నిమిషాలు

"మళ్ళీ పన్నెండు నిమిషాలు ఆలస్యం!"

ఇంటి గేటు దగ్గర నిలబడి లొరైన్ తన చేతి గడియారం చూపించింది.

టాక్సీ తోలే కరామత్ తల దించుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఓల్డమ్ ఊళ్లో నలభై ఏళ్లుగా కారు తోలుతున్నాడు.

వెనక సీట్లోంచి తొమ్మిదేళ్ల మైజీ దూకింది. "లొరైన్! ఇవాళ నలభై ఒక్క గొర్రెలు! పది దాకా పంజాబీలో లెక్కపెట్టాను. ఇక్, దో, తిన్..."

"తర్వాత చెబుదువుగాని, లోపలికెళ్లు బంగారం."

రోజూ మైజీకి తోడుగా కార్లో బడికి వెళ్లొచ్చే గ్లెనిస్ పిల్ల బ్యాగు అందుకుని అక్కడే నిలబడింది.

"తిన్నటి రోడ్డుండగా కొండ మీది నుంచి ఎందుకు తిప్పుతున్నారు కరామత్ గారూ?" అంది లొరైన్. "గొర్రెల్ని చూపించడానికా? పొద్దున బడికీ ఆలస్యమే, సాయంత్రం ఇంటికీ ఆలస్యమే."

కరామత్ ఒకసారి మైజీ వైపు చూశాడు. పిల్ల ఇంకా గుమ్మంలోనే ఉంది.

"ఒక్క నిమిషం పక్కకొస్తారా అమ్మా? ఒక మాట చెప్పాలి."

"నాకు మీటింగుంది. ఈ పిల్లని చేర్చుకున్నది ఆ ఒక్క బడే. అది కూడా పోతే ఏం చెయ్యను? ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే డ్రైవర్ని అడుగుతాను."

కరామత్ కారెక్కాడు.

మనసు చితికిపోయి వచ్చిన పిల్లలకి ఆ ఇల్లు. ఐదుగురు పిల్లలు, పదకొండు మంది సిబ్బంది, అందరికీ పెద్ద లొరైన్. మీటింగు గదిలో గోడ మీద ఆమె తన చేత్తో రాసిపెట్టుకున్న మాటలు: 'ప్రతి అల్లరి వెనకా ఒక కారణం ఉంటుంది. ముందు అది అడగండి.'

"నిన్న మైజీ పళ్లెం విసిరింది," అంది గ్లెనిస్ మీటింగులో.

"ఎందుకు విసిరిందో అడిగావా?"

"అడిగాను. ఎవరో తన స్వెటర్ ఉతకడానికి తీశారట."

లొరైన్ మొహం మెత్తబడింది. "ఆ స్వెటర్ ఎవరూ ముట్టుకోవద్దు."

అది మగవాళ్ల స్వెటర్, గోధుమరంగుది. మైజీ దాన్ని తలగడ కింద పెట్టుకునే పడుకుంటుంది. మూడేళ్ల కిందట మంచు కురుస్తుంటే రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న పిల్లని ఎవరో ఒకాయన ఆ స్వెటర్‌లో చుట్టి, పోలీసు స్టేషన్లో అప్పజెప్పి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. తల్లి మళ్ళీ రాలేదు. ఏ రోడ్డో పోలీసు కాగితాల్లో లేదు, మైజీ చెప్పదు.

"ఆ మనిషి ఒక్కసారి కనిపిస్తే చాలు," అంటూ ఉంటుంది లొరైన్. "చేతులు పట్టుకుని ఏడ్చేస్తాను. ఎన్నిచోట్ల వాకబు చేశానో!"

"కరామత్‌ని మాత్రం మార్చకు లొరైన్," అంది గ్లెనిస్. "పిల్ల నోరు విప్పింది ఆయన కార్లోనే."

"ఆయనకి కావలసింది గడియారం," అంది లొరైన్. అందరూ నవ్వారు. గ్లెనిస్ నవ్వలేదు.

ఆలస్యం తగ్గలేదు; పై వారం కొత్త డ్రైవర్ వచ్చాడు. చెప్పిన నిమిషానికి వచ్చాడు, తిన్నటి రోడ్డు పట్టాడు.

అరగంటలో గ్లెనిస్ మైజీని ఎత్తుకుని తిరిగొచ్చింది. ఆమె చెంప మీద గోళ్ల గాట్లు.

"దారిలో మిల్లు ముందున్న బస్టాపు చూడగానే కారు తలుపు ఊడలాగింది. ఒకటే అరుపులు. ఏం చెప్పినా వినలేదు."

ఆ తర్వాత మైజీ బడికి వెళ్లలేదు. మాట్లాడలేదు. గొర్రెల ఊసే లేదు.

నాలుగోనాడు మధ్యాహ్నం కంచె దూకి మాయమైంది. రెండు గంటలు వెతికి వెతికి చివరికి ఆ బస్టాపులోనే పట్టుకున్నారు. స్వెటర్ తొడుక్కుని స్తంభాన్ని కావలించుకుని ఉంది. వాన నీళ్లు కారుతున్నాయి.

"పద తల్లీ, ఇంటికెళ్దాం," అంది లొరైన్.

"అమ్మ ఇక్కడే ఉండమంది," అంది మైజీ.

కరామత్ కొండ మీది నుంచి ఎందుకు తిప్పేవాడో లొరైన్‌కి అర్థమైంది. పిల్లని గ్లెనిస్‌కి అప్పగించి నేరుగా టాక్సీ ఆఫీసుకి పరుగెత్తింది.

ఫోన్ల దగ్గర కరామత్ అన్నగారి కొడుకు నవీద్ కూర్చుని ఉన్నాడు.

"కరామత్ గారు కావాలి. తప్పు నాదే. ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆ కొండ దారినే రమ్మనండి."

నవీద్ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆ ఇంటి పెద్దమ్మ మీరేనా? ఆలస్యంగానే వచ్చారు. నిన్ననే చాచాని, మా బాబాయిని, పూడ్చాం. గుండెపోటు."

నవీద్ మోగుతున్న ఫోను తీసి పక్కన పెట్టాడు.

"ఏడాది నుంచీ కారు తోలడం మానెయ్ చాచా అంటూనే ఉన్నాం. అన్ని ట్రిప్పులూ మానేశాడు, మీ పిల్లది తప్ప. వేరేవాడైతే ఆ బస్టాపు ముందు నుంచి పోతాడ్రా అనేవాడు."

"ఆ బస్టాపు సంగతి ఆయనకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటి? మంచు పడుతుంటే స్తంభం వదలకుండా 'అమ్మ ఇక్కడే ఉండమంది' అని ఏడుస్తున్న పిల్లని, తన స్వెటర్ విప్పి చుట్టి స్టేషనుకి తీసుకెళ్లింది ఆయనేగా. మీతో చెబుదామని వచ్చాడట, మీకు మీటింగుందన్నారట."

మూడేళ్లుగా తాను వెతుకుతున్న మనిషిని రోజూ గేటు దగ్గర నిలబెట్టి, గడియారం చూపించి పంపేసింది తానేనని లొరైన్‌కి అప్పుడు తెలిసింది.