పడని మందు

"ఆపరేషన్‌కు పోతాండే రామక్క ఇల్లు ఇదేనా?"

ధర్మవరంలో కుళ్లాయప్ప ఇంటి గడప ముందు ఒక ఆడమనిషి నిలబడి అడిగింది.

కుళ్లాయప్ప మగ్గం ఆపాడు. "నా భార్యే. యాడ నుంచి వస్తాండావమ్మా?"

"పెనుకొండ నుంచన్నా. జన్యువుల పరీక్షకని బెంగళూరోళ్లు మన నేతగాళ్ల ఇండ్లల్లో రక్తం తీసకపోయిరి గదా. ఏం తేలిందో మీకు చెప్పిరా?"

"బాగా చెప్పిరి! చాపలేసి కూచోబెట్టినాం, టీలిచ్చినాం. రక్తం చేతికొచ్చినాక ఒక్కడన్నా మొగం చూపించలేదు."

"నేను బెంగళూరు దాకా పోయి కనుక్కున్నా. మత్తిచ్చేటప్పుడు వేసే ఒక సూదిమందు మనోళ్లలో కొందరికి పడదంట. ఊపిరి తిరిగి రాదంట. వాళ్లు రాసుకున్నారు గానీ మన ఆస్పత్రులకు చెప్పలేదు. మీ డాక్టరుకు ముందే చెప్పండన్నా. రక్తం చూసి వేరే మందు వేస్తాడు."

రామక్క భయంగా భర్త వైపు చూసింది. కూతురు సుధ వచ్చి తల్లిని ఆనుకుని నిలబడింది.

కుళ్లాయప్ప గొంతు మారింది. "నా బిడ్డకు ఇప్పుడే సంబంధం కుదిరింది. మా రక్తంలో దోషముందని ఊరంతా చెప్పేకొచ్చినావా? ఎవురు తోలిరి నిన్ను?"

"ఎవురూ తోల్లేదు. డాక్టరుకు ఒక్క మాట..."

"పో తల్లీ, పో!"

వచ్చినామె సుధ చెయ్యి పట్టుకుంది. "నువ్వన్నా చెప్పు పాపా."

ఆపరేషన్ రోజు హిందూపురం ఆస్పత్రిలో మత్తు డాక్టరు తనంతట తనే అడిగాడు.

"మీ బంధువుల్లో ఎవరికైనా మత్తుమందు పడక ఇబ్బందైందా?"

పక్కనే పెళ్లికొడుకు చిన్నాయన గంగాధర ఉన్నాడు. రామక్కను పలకరించడానికి పండ్లు తెచ్చాడు.

కుళ్లాయప్ప అతని వైపు ఒకసారి చూసి, "అట్లాంటివి మా వంశంలోనే లేవు సార్" అన్నాడు.

సుధ నోరు తెరిచింది. నాయన ఆమె భుజం గట్టిగా నొక్కాడు.

గంగాధర కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆపరేషన్ అయింది. రామక్కకు ఊపిరి తిరిగి రాలేదు. చిన్న ఆస్పత్రి. అనంతపురం తీసుకుపొమ్మని అంబులెన్సు ఎక్కించారు. దారిలో చేతిసంచితో ఆమె ఊపిరితిత్తుల్లోకి గాలి నొక్కుతూనే ఉన్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర ప్రాణం పోయిందని నొక్కడం ఆపేశారు.

శవం ఇంటికి చేరాక ఆ పెనుకొండ ఆడమనిషి మళ్లీ వచ్చింది. రామక్క కాళ్ల దగ్గర కూలబడింది.

గంగాధర పరుగున వచ్చాడు. "మొగుడు లేనిదానివి, మంచిపనికి ఎదురుపడొద్దని పెళ్లిచూపులకే నిన్ను తోలుకరాలేదు. ఈడికెందుకొచ్చినావు?"

"నీ అన్న, నా మొగుడు, ఆపరేషన్ బల్ల మీద ఈ మందుతోనే పాయె. గుండెపోటని అందరికీ చెప్పినావు. నిన్న ఆస్పత్రిలో ఉండి గూడా నోరిప్పకపోతివే!"

కుళ్లాయప్ప గంగాధర వైపు, ఆ తర్వాత సుధ వైపు చూశాడు.

ఏ ఇంటివాళ్లకు తెలుస్తుందని నాయన సుధ నోరు నొక్కాడో, ఆ ఇంట్లో సుధకు అత్త కావలసిన మనిషి, పెళ్లికొడుకు తల్లి, ఈ ఆడమనిషే.