అల్లం కేకు

"ఎక్కడున్నావయ్యా మహానుభావా?"

ఫోన్‌లో హెస్టర్ అరిచిన అరుపుకి ఎదురుగా కూర్చున్న ముసలావిడ కూడా ఉలిక్కిపడింది.

"ఇక్కడే... తొమ్మిదో నంబరు ఇంట్లో. టీ తాగుతున్నాను," అన్నాడు రోవన్ గొంతు తగ్గించి.

"ఇంకా టీయేనా! రేపు పొద్దున్నే పోలింగ్. మిగిలింది ఈ మిల్లు వీధి ఒక్కటే. ఇది ఎటు మొగ్గితే సీటు అటే. నువ్వేమో గంట నుంచీ ఒక్క ఇంట్లోనే బైఠాయించావు. ముందు బయటికి రా!"

రోవన్‌కి ఇరవయ్యేళ్ళు. టౌన్ కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడటం ఇదే మొదలు. కోటుకి పార్టీ రిబ్బన్ పువ్వు, చేతినిండా కరపత్రాలు, నోటినిండా మర్యాద. ఆ మర్యాదే ఇప్పుడు కొంప ముంచుతోంది. వెళ్ళొస్తానని లేచిన ప్రతిసారీ ఈ విన్నీ మామ్మ ఇంకో కేకు ముక్క కోసి పళ్ళెంలో వేస్తోంది. పెద్దావిడ పెట్టింది వదిలేసి లేచిపోయే పెంపకం కాదు అతనిది.

"మామ్మగారూ, ఇక నేను..."

"కూర్చో నాయనా, అల్లం కేకు మంచిది. ఇంతకీ చెత్తబండి గురించి మీ పార్టీ వాళ్ళేమంటారు?"

"వారం వారం వచ్చేలా చూస్తామండి."

"తీసేసిన బస్సు సంగతో?"

"మళ్ళీ వేయిస్తామండి."

"మరి పావురాలు? మా చూరంతా పాడుచేస్తున్నాయి."

పావురాల విషయంలో తన పార్టీ విధానం ఏమిటో రోవన్‌కి ఎవరూ చెప్పలేదు. అతను చేతిలోని కరపత్రం తిరగేసి వెతుకుతుంటే, ఆ సందులో ఆవిడ కప్పు నిండా మళ్ళీ టీ పోసేసింది.

రోవన్ కిటికీలోంచి బయటికి చూశాడు. అవతలి వరసలో కౌన్సిలర్ క్లిఫర్డ్ ఆక్రాయిడ్! ఇరవయ్యేళ్ళుగా ఆ సీటుని వదలని మనిషి. తాపీగా ఇంటింటికీ బెల్లు కొట్టుకుంటూ పోతున్నాడు. ఒక తలుపు, దాని పక్కది, ఆ పక్కది. అడిగేవాడే లేడు. తానిక్కడ పావురాలతో కుస్తీ పడుతుంటే అక్కడ వీధి వీధంతా చేజారిపోతోంది. రోవన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"ఏం నాయనా, కేకు బాగాలేదా?"

"చాలా బాగుందండి," అన్నాడు. అబద్ధం కాదు. అంత దిగుల్లోనూ అది బాగానే ఉంది.

ఇంతలో బెల్లు మోగింది. విన్నీ మామ్మ తలుపు తీసీ తీయకముందే హెస్టర్ తోసుకుని లోపలికొచ్చింది. ఈ ఎన్నిక నడిపించడానికి పార్టీ లండన్ నుంచి పంపిన మనిషి. మొహమాటం ఆవిడ ఇంటా వంటా లేదు. రోవన్‌ని రెక్క పుచ్చుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది.

"ఇది ఎవరిల్లో తెలుసా? మన ఆఫీసు వాళ్ళు ఇప్పుడే చెప్పారు. ఈవిడ క్లిఫర్డ్ ఆక్రాయిడ్ కన్నతల్లి!"

రోవన్ చేతిలో మిగిలిన కేకు ముక్క వైపు అనుమానంగా చూశాడు.

"పాత ఎత్తు ఇది. పోటీవాణ్ణి టీ పోసి కూర్చోబెట్టెయ్యడం, ఈలోగా తమవాడు వీధంతా చుట్టి రావడం. నువ్వు వెళ్ళి ఇరుక్కున్నావు. ఇక ఇంటికెళ్ళి పడుకో."

రోవన్ వెనక్కి తిరిగాడు. విన్నీ మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఇంకా కేకు కత్తి.

"నిజమేనా మామ్మగారూ?"

"నిజమే నాయనా. సాయంత్రం ఫోన్ చేశాడు. 'అమ్మా, ఆ కుర్రాడొస్తే కాసేపు ఆపు' అన్నాడు. ఆపాను."

ఆవిడ హాయిగా నవ్వుతూనే ఉంది. రోవన్‌కి కోపం రావాలి కానీ రాలేదు. తన మీద తనకే జాలేసింది.

సరిగ్గా అప్పుడే వీధిలోని ఇళ్ళన్నీ ఒక్కసారిగా గోలెత్తిపోయాయి. టపటపా తలుపులు తెరుచుకున్నాయి. జనం పిల్లా జెల్లాతో సహా రోడ్డు మీదికొచ్చి గంతులేస్తున్నారు. ఎవరో బట్టతలాయన రోవన్‌ని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పి దింపాడు.

"ఏమైంది వీళ్ళకి?" అంది హెస్టర్ బిత్తరపోయి.

"మా ఊరి ఫుట్‌బాల్ జట్టు గెలిచిందమ్మా, ఫైనల్‌కి వెళ్తోంది! ఇంతసేపూ అందరూ టీవీల ముందే ఉన్నారు," అంది విన్నీ మామ్మ. "మావాడికి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందనే తెలీదు. ఈ అబ్బాయీ అలాంటివాడేనని చూడగానే అర్థమైంది."

వీధి చివర క్లిఫర్డ్ మొహం కందగడ్డలా ఉంది. ఓ ఇంటాయన అతని వెంటపడి మరీ తిడుతున్నాడు.

"పెనాల్టీ కొట్టేటప్పుడా నీ బెల్లు? పైగా ఓటు కావాలా నీకు!"

రోవన్‌కి మెల్లగా వెలిగింది. "అంటే మీరు నన్ను ఆపింది..."

"మ్యాచ్ అయ్యేదాకా. ఇప్పుడు వెళ్ళు, అందరూ మంచి హుషారు మీదున్నారు, కాదనేవాడుండడు. నా ఓటు కూడా నీకే."

రోవన్‌కి ఆనందంతో కాళ్ళు ఆగడం లేదు. అయినా అడగకుండా ఉండలేకపోయాడు. "మరి ఆయన మీ కన్నకొడుకు కదండీ?"

"కొడుకే! గెలిచిన ప్రతిసారీ 'ఈ పదవీకాలం అయిపోగానే నిన్ను విట్‌బీ సముద్రానికి తీసుకెళ్తానమ్మా' అంటాడు. మరి వాడు ఓడకపోతే నేను సముద్రం చూసేదెప్పుడు నాయనా?"