తాళమేసిన ట్యాంకీ

మహదేవపూర్ దాటాక, గోదావరి ఒడ్డున, రాజలింగుకూ పక్క పొలం యుగేందర్‌కూ కలిపి ఒకటే పాత డీజిల్ ఇంజను. వారం నుంచి రాత్రిళ్లు ట్యాంకీలో డీజిల్ తగ్గిపోతోంది. యుగేందరే పైపు పెట్టి పీలుస్తున్నాడని రాజలింగు అనుమానం. అందుకే ఈరోజు మూతకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

అర్ధరాత్రి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వరి పొట్టకొచ్చింది. తెల్లారేలోపు తడి అందకపోతే గింజ పట్టక తాలే మిగులుతుంది.

"తుప్పు అడ్డం పడ్డట్టుంది," టార్చి పట్టుకున్న యుగేందర్ అన్నాడు. "గది సరేగని, తాళమెందుకన్నా? నా మీద అనుమానమా?"

"కుక్కలు తిరుగుతున్నయ్ తమ్మీ."

"కుక్కలు డీజిల్ తాగుతయా?"

రాజలింగు ఫిల్టర్ దగ్గర పైపు ఊడదీశాడు. చుక్క రాలేదు. ఎప్పటిలాగే పైపును నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. ట్యాంకీలో బుడబుడమంది. తుప్పు కదిలిందనుకుని ఆగాడు.

పైపులోంచి ఎదురు గాలి వచ్చింది. వెచ్చగా, నోటి తడితో.

ఉలిక్కిపడి తలెత్తాడు. యుగేందర్ ఎదురుగానే ఉన్నాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పానా. మూతకు తాళం అలాగే వేలాడుతోంది.

"ఏందన్నా, వస్తలేదా?"

"జర ఊకో."

పైపులో మిగిలిన గాలే అయ్యుంటుందని తనకు తాను చెప్పుకుని, రాజలింగు పైపు కొసను బొటనవేలితో మూశాడు. గోదావరి చప్పుడు కూడా వినబడడం లేదు.

అప్పుడు ట్యాంకీ వైపు నుంచి ఎవరో అతని వేలిని మెల్లగా పీల్చడం మొదలుపెట్టారు.