తడిబట్టల ప్రమాణం

గుడి మాన్యం తాను అమ్ముకోలేదని, తడిబట్టలతో నరసింహస్వామి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తానని అభ్యర్థి భూపేష్ నిన్న మైకులో సవాలు విసిరాడు. పొద్దున్నుంచే గుడి ముందు జనం నిండిపోయారు.

గుడి వెనక కుళాయి దగ్గర అతని అనుచరుడు ఓబుళేశు బకెట్టు నింపి సిద్ధంగా నిలబడ్డాడు. “మా అన్న అట్లాంటోడు కాదు” అని ఇంటింటికీ తిరిగి చెప్పింది అతనే. ఈ ప్రమాణంతో తన మాట నిలబడుతుందని అతనికి ఆత్రంగా ఉంది.

“కూచోన్నా, నీళ్లు పోస్తా. జనం అరుస్తాండారు.”

భూపేష్ కూర్చోలేదు. చెప్పులు విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు.

“నా బదులు నువ్వు చెయ్యి ఓబుళేశూ. నాకు జ్వరమని చెప్పు.”

“నేనేందన్నా? నువ్వు అమ్మలేదు గదా, భయమెందుకు?”

“స్వామితో ఎగతాళి వద్దప్పా. ఇంట్లో పిల్లోళ్లు ఉండారు.”

“నాకూ ఉండారన్నా.”

“నువ్వేం అమ్మినావు? నీకేం కాదులే, పో.”

ఓబుళేశు బకెట్టెత్తి తన నెత్తిమీదే కుమ్మరించుకున్నాడు. నీళ్లు కారుతున్న బట్టలతోనే గుడి ముందుకు వెళ్లాడు.

పూజారి పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. ఎవరో మైకు అందించారు. కేకలన్నీ ఆగిపోయాయి.

“మా అన్నకు ఈ స్వామంటే శానా భయమప్పా,” అన్నాడు ఓబుళేశు. “అందుకే ఆయన ఈడికి రాలేదు.”

ఆ మాట మీద అరచేత్తో కర్పూరం ఆర్పేశాడు.