వస కొమ్ము

“నోరు తెరువమ్మా. మా తల్లివి కదూ. ఒక్క చుక్క.”

నీరజ పావుగంట నుంచి బతిమాలుతోంది. చెంచాలో తేనె, తేనెలో సానరాయి మీద అరగదీసిన వస. పెదాల దాకా వెళ్లిన చెంచా మళ్లీ వెనక్కొచ్చింది. మెడకు కట్టిన గుడ్డ మీద సగం ఒలికిపోయింది.

“పోనీ, నీళ్లు అను. నీ... ళ్లు.”

“బ... బ...”

అంతే. చూపు కిటికీలోంచి క్వారీ లారీల మీదకు పోయింది.

నీరజ జగ్గయ్యపేటలో ఒకటో తరగతి టీచరు. నలభై మంది పిల్లలకు గుణింతాలు వల్లె వేయించిన మనిషి. ఇప్పుడు బడి మానేసి ఇంట్లో కూర్చుని, ఒక్క నోట ఒక్క మాట పలికించలేకపోతోంది. తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

వస సంగతి పక్కింటి ఆదెమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే నీరజ బజార్లో దశరథరామయ్య మూలికల కొట్టుకు పరిగెత్తింది.

“వస కావాలండీ. మాట రావడానికి.”

“మంచి పని చేశావమ్మా. మా మనవరాలికీ ఇదే నాకించాం. ఇప్పుడు నోరు మూయమంటే మూయదు. వసపిట్ట అని ఊరికే అన్నారా?” ఆయన వేరు ముక్క పొట్లం కడుతూ జాగ్రత్త చెప్పాడు. “ఆముదం దీపం మీద కాల్చి, తేనెలో రెండు తిప్పులు తిప్పు. కందిగింజంత చాలు. ఎక్కువైతే వాంతులు. కడుపుబ్బరానికీ, కఫానికీ కూడా ఇదే.”

నీరజ డబ్బులిచ్చి పొట్లం తీసుకుంది.

నెల తిరిగింది. “బ... బ...” దగ్గరే ఉంది బండి.

నందిగామలో డాక్టర్ కృపారావు పేరున్నవాడు. బస్సులో కష్టం కాబట్టి కారు మాట్లాడుకుని వెళ్లారు. ఆయన నాలుక చూశాడు, చెవి దగ్గర చిటికె వేశాడు, బొమ్మల పుస్తకం చూపించాడు.

“చెవులు బాగున్నాయి. మనం చెప్పింది అర్థమవుతోంది. మాట పైకి రావడమే ఆలస్యం. రోజూ బొమ్మలు చూపించి పలికించండి. విసుక్కోకండి.”

“వస పెడుతున్నానండీ.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఈమధ్య దాంతో మాత్రలు కూడా చేస్తున్నారమ్మా, నరాలకు మంచిదని. పరిశోధనలూ జరుగుతున్నాయి. కానీ కొన్ని దేశాల్లో తినేవాటిలో దాన్ని వేయనివ్వరు. నేనైతే పెట్టమనలేను.”

“మరి మాట ఎప్పటికొస్తుందండీ?”

“చెప్పలేనమ్మా.”

కందిగింజంత పెట్టమని ఒకాయన. అసలొద్దని ఒకాయన. ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. తిరిగొచ్చే దారంతా నీరజ పళ్లు బిగబట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే విజయవాడ నుంచి తమ్ముడు ఓంకార్ ఫోను.

“అక్కా, ఏమన్నా మాట్లాడిందా?”

“లేదురా.”

“నువ్వు సరిగ్గా చేయించట్లేదేమో. టీచరువి కదా, నీకు చెప్పాలా?”

“అయితే నువ్వొచ్చి రెండ్రోజులు చేయించు.”

“నాకెక్కడ కుదురుద్దక్కా? షాపు ఎవరు చూస్తారు?”

నీరజ ఫోను ఠపీమని పెట్టేసింది. ఆ కోపంతోనే వస అరగదీసింది. ఆ కోపంతోనే చెంచా పట్టుకొచ్చింది.

“నోరు తెరువు.”

తెరవలేదు. మొహం పక్కకు తిరిగింది. చెయ్యి విసురుగా తగిలి గిన్నె ఎగిరి పడింది. తేనె, వస కలిసి మంచం పట్టె మీద నుంచి కారి నేల మీద మడుగు కట్టాయి.

నీరజకు ఏం చేస్తోందో తెలియలేదు. ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటి వేసింది.

“నీకోసం ఉద్యోగం మానేశాను! తిండీ నిద్రా మానేశాను! ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అనలేవా నువ్వు?”

ఎదుట రెండు కళ్లు బెదిరిపోయి చూశాయి. నీళ్లతో నిండాయి. చేతి మీద వేళ్ల అచ్చులు ఎర్రగా తేలాయి.

అవి చూసి నీరజ కుప్పకూలింది. తేనె మడుగులోనే కూర్చుని, మంచం పట్టెకు తల ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది.

పక్షవాతంతో ఎనిమిది నెలల కిందట మాట పడిపోయిన డెబ్బై ఏళ్ల కన్యకాపరమేశ్వరి, కూతురి తల మీద ఎడమ చెయ్యి వేసి, “ఏడ... వకమ్మా” అంది.